మోగ్లీ మా యాసలో మాట్లాడేవాడు
(ప్రసార భారతికి బహిరంగ లేఖ)

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, డీడీ సప్తగిరి అధికారులకు,



నేను విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని. ఒక కోరిక కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అదేమిటో ముందే చెప్పేస్తాను. డీడీ సప్తగిరిలో రోజూ సాయంత్రం ఒకే వేళకు అరగంట తెలుగు కార్టూన్ వెయ్యండి. అందులో ఒక్క ధారావాహికైనా ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే పిల్లల కథగా తీయించండి. ఆ యాస నవ్వించడానికి పెట్టిన పాత్రకి కాదు, కథ నడిపే పిల్లకీ పిల్లాడికీ ఉండాలి.

దేశం మొత్తానికి ప్రసారాలు నడిపే సంస్థకి ఇదొక చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు మాత్రం పెద్ద విషయమే. ఎందుకో చెప్పాలంటే 1993 దగ్గర మొదలెట్టాలి.

ఆ ఏడాది దూరదర్శన్‌లో ఆదివారం పూట ‘జంగిల్ బుక్’ వచ్చింది. నా ఈడు వాళ్ళకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాడు కిప్లింగ్ 1894లో మన మధ్య భారతపు అడవుల మీద రాసిన పుస్తకం, తోడేళ్ళ మధ్య పెరిగే మోగ్లీ అనే పిల్లాడి కథ. దాన్ని జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో 52 భాగాల బొమ్మల కథగా తీసింది. దానికి మీరు హిందీ మాటలు పెట్టించారు. టైటిల్ పాట గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ స్వరపరిచారు. షేర్ ఖాన్ అనే పులికి గొంతు నానా పటేకర్‌ది. ఈ పేర్లేవీ మాకు అప్పుడు తెలీవు. మాకు తెలిసిందల్లా ఆదివారం పొద్దున్నే తలంటు పోసుకుని, జుట్టు ఆరకుండానే పక్కింటికి పరిగెత్తాలని.

మా వీధిలో అప్పటికి టీవీలున్న ఇళ్ళు తక్కువ. పక్కింటాయన జూట్ మిల్లులో పనిచేసేవారు. ఆయనింట్లో చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. నేల మీద గోనెపట్టాలు పరిచేవారు. మిల్లు ఉన్న ఊరు కదా, గోనెకి లోటు లేదు. మగపిల్లలు ముందు, ఆడపిల్లలు గుమ్మం దగ్గర, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కిటికీ బయట. బొమ్మ చెదిరితే ఒకడు డాబా ఎక్కి ఆంటెన్నా తిప్పేవాడు. “వచ్చిందా?”, “రాలేదు”, “ఇప్పుడు?”, “ఉంచు, ఉంచు, అక్కడే ఉంచీ!” అన్న కేకలతోనే టైటిల్స్ అయిపోయేవి. ఆ టీవీలో నల్ల చిరుత బగీరా ఒక్కడే తన అసలు రంగులో కనిపించేవాడు.

చిక్కల్లా భాషతోనే. మా సర్కారు బళ్ళలో ఆరో తరగతికి గానీ హిందీ అక్షరాలు మొదలయ్యేవి కాదు. గోనెపట్టాల మీద కూర్చున్న వాళ్ళలో సగం మంది ఇంకా ఆరుకి రాలేదు. అందుకని ఆ ఇంటి పెద్దబ్బాయి మాకు దుబాసీ అయ్యాడు. తొమ్మిదో తరగతి చదివేవాడు. మా లెక్కలో అతను మహా పండితుడు. టీవీ పక్కనే గోడకి ఆనుకుని నిలబడి, ఒక్కొక్క మాటా మాకు దించేవాడు.

“ఇగో, ఇప్పుడు ఎలుగుబంటి బల్లూ ఏటంతన్నాడంటే... ‘ఒరే గుంటడా, ఆ పులికి నోరెక్కువ. ఆడి కూతకి జడిసిపోయి నువ్వు బేగి చెట్టెక్కీసేవనుకో, రేపు తోడేళ్ళ ముందు నీకేటి మర్యాదుంటది? దిగు. నానున్నాను కదేటి’ అంతన్నాడు.”

తోడేలు తల్లి తెర మీద మూతి కదిపితే అతను గొంతు సన్నం చేసేవాడు. “ఓలమ్మ, నా బాబు ఎలా సిక్కిపోనాడో సూడండర్రా!” అనేవాడు. కిటికీ బయటి ఆడవాళ్ళు “అవునమ్మా, పాపం” అని నిజంగానే నొచ్చుకునేవారు.

అందులో ఎంత అనువాదమో, ఎంత సొంత కవిత్వమో మాకు అక్కర్లేదు. మాకు సంబంధించినంతవరకూ మోగ్లీ మా యాసలోనే మాట్లాడేవాడు. సోమవారం మధ్యాహ్నానికి వాడు మా ఊరివాడైపోయేవాడు. వాడి చేతిలో ఉండే ఆ వంకర కర్ర ఆయుధాన్ని తాటిమట్టతో చెక్కుకుని చంపావతి ఇసకలో విసిరేవాళ్ళం. అది తిరిగి చేతికి వచ్చిన పాపాన పోలేదు, మేమే పరిగెత్తి తెచ్చుకునేవాళ్ళం. రామతీర్థం కొండ మా లెక్కలో తోడేళ్ళ సభ జరిగే రాతిగుట్ట. వీధిలో కుంటుతూ తిరిగే పచ్చ కుక్కకి షేర్ ఖాన్ అని పేరు పెట్టాం. పాపం, అది ఎవరినీ ఏమీ అనేది కాదు.

కార్యక్రమాల మధ్య మీరు మరో బొమ్మ వేసేవారు. ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’. 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయా మూలే తీసిన పొట్టి చిత్రం, బొమ్మలు కదిలించింది భీమ్‌సేన్. వలలో పడ్డ పిట్టలన్నీ కలిసి ఒక్కసారిగా ఎగిరిపోతాయి, ఎలకలు వల కొరికి విడిపిస్తాయి. మా మామ్మకి హిందీ కాదు కదా, తెలుగు చదవడమే రాదు. అయినా ఆవిడ మొదటిసారి చూసినప్పుడే, “ఇది పావురాల కథే కదర్రా, ఉండండి, ఇప్పుడు ఎలక వస్తది” అని ముందే చెప్పేసింది. ఎలక వచ్చింది. నేను ఉపాధ్యాయినినయ్యాక ఆ కథ మూలం వెతుక్కుంటే, పరవస్తు చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో, మిత్రలాభంలో, చిత్రగ్రీవుడనే కపోతరాజు దగ్గర తేలింది. మా మామ్మ చిన్నయసూరిని చదవలేదు. వాళ్ళమ్మ నోట విన్నది. ఢిల్లీ నుంచి వచ్చిన బొమ్మ నెల్లిమర్లలో ఒక ముసలావిడకి తన సొంత కథలా కనిపించిందంటే, ఆ బొమ్మ తీసినవాళ్ళకి అంతకన్నా మెప్పు లేదు.

‘హీమ్యాన్’, ‘డక్ టేల్స్’, ‘టేల్ స్పిన్’ కూడా చూశాం. వాటిని మా దుబాసీ అన్న ఎంత తెలుగు చేసినా, డబ్బుల గుట్టలో ఈతకొట్టే బాతు మాకు అంతగా దగ్గరవ్వలేదు. ఆ తర్వాత కేబుల్ వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995లో మొదలైనా, మా వీధిలోకి తీగ లాగడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అప్పుడది ఇంగ్లీషులో. మళ్ళీ భాష అడ్డం. టామ్ అండ్ జెర్రీకి మాత్రం ఏ భాషా అడ్డం రాలేదు. వాటికి మాటలే లేవు, దుబాసీతో పని లేదు. మా వీధిలో అరవై దాటిన వాళ్ళకీ ఆరు నిండని వాళ్ళకీ సమానంగా నచ్చిన కార్టూన్ అదొక్కటే.

తెలుగు తర్వాత వచ్చింది. 2004 డిసెంబరులో డిస్నీ ఛానల్ ఇక్కడ అడుగు పెట్టినప్పుడే తెలుగునీ వెంటబెట్టుకుని వచ్చింది. 2009లో సన్ వారి ఖుషీ టీవీ పూర్తిగా తెలుగు పిల్లల ఛానల్‌గా వచ్చింది. 2021లో ఈటీవీ బాల భారత్ వచ్చింది. డోరా, ఆమె వెంట తిరిగే కోతి బుజ్జి మా తమ్ముడి పిల్లలకి ఇంట్లో మనుషులే. గుమ్మం దగ్గర కూర్చుని చూసిన ఆడపిల్లల తరం మాది. సంచీ తగిలించుకుని, మ్యాపు పట్టుకుని, తానే ముందు నడిచే ఆడపిల్లని కార్టూన్‌లో చూసి ముచ్చట పడ్డాను. ప్రైవేటు ఛానళ్ళు చేసిన ఈ మేలు చిన్నది కాదు. అది ఒప్పుకున్నాకే నా ఫిర్యాదు చెబుతాను.

ఫిర్యాదు ఏమిటంటే, కార్టూన్లు తెలుగులోకి వచ్చాయి గానీ మా పిల్లల తెలుగులోకి రాలేదు.

మా బళ్ళో రెండో తరగతి పిల్లలకి భోజనాల తర్వాత కాసేపు కథలు చెప్పే వేళ ఉంటుంది. ఒకరోజు ఒక పిల్ల తను చూసిన కార్టూన్ కథ చెప్పింది. కథ తను చెప్పేటప్పుడు, “అప్పుడు ఆడు ఎల్లిపోనాడు టీచర్, అడవిలోకి” అంది. అది ఇంటి భాష. వీరుడు నోరు విప్పేసరికి గొంతు మార్చింది. “భయపడకు మిత్రమా, నేను నిన్ను కాపాడతాను” అంది. పుస్తకాల్లో అచ్చయ్యే భాష. ఇక్కడిదాకా నాకేమీ వింతగా లేదు. ఆ తర్వాత కథలోకి ఒక తిక్కవాడు వచ్చాడు. ఎప్పుడూ జారిపడేవాడు, తిండిపోతు. ఆ పిల్ల వాడికి మాత్రం మా యాస పెట్టింది. “ఓలమ్మో, నాకేటి తెలీదు బాబో!” అంది. క్లాసంతా గొల్లుమంది. టీవీలో ఆ తిక్కవాడు యాసలో మాట్లాడలేదు. ఆ పిల్లే కల్పించింది. వీరుడికి ఏ భాష ఉండాలో, వెర్రివాడికి ఏ భాష ఉండాలో ఏడేళ్ళకే దానికి తెలిసిపోయింది.

ఎవరు నేర్పారు? ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. మా యాస సినిమాల్లో చాలాకాలంగా నవ్వులాట సరుకు. పనిమనిషికి, బస్సు క్లీనరుకి, అమాయకపు పల్లెటూరి బావకి ఆ యాస పెడతారు, హాలు నవ్వుతుంది. ‘పలాస 1978’ లాంటి సినిమాలు వచ్చి ఆ పాపం కొంత కడిగాయి. అవి పెద్దవాళ్ళ కోసం తీసినవి. పిల్లలు చూసే బొమ్మల్లో మాత్రం తెలుగంటే ఒక్కటే తెలుగు. ఏ ఊరి వీధిలోనూ వినపడని తెలుగు. మా పిల్లల మాట అందులో వెక్కిరింతగా కూడా లేదు, అసలు లేనే లేదు. ఆ ఖాళీని పిల్లలు సినిమాల్లో విన్నదాంతో నింపుకుంటున్నారు.

మా తరానికి, వీళ్ళకి తేడా ఇదే. మాకు మీరు తెలుగు ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టే మా వీధి కుర్రాడు దాన్ని తయారుచేసుకున్నాడు. కాబట్టే మా మోగ్లీ, మా బగీరా, చివరికి తోడేలు తల్లి కూడా వీరత్వమో, ప్రేమో మా యాసలోనే చూపించారు. మీరు చెయ్యనిదాని వల్ల మాకు మేలు జరిగింది, అది మీ ఖాతాలో వేయలేను. ఇప్పటి పిల్లలకి ఆ అవకాశమూ లేదు. వాళ్ళకి తెలుగు సిద్ధంగా వస్తోంది, అందులో వాళ్ళు లేరు. ఇక ఫోనులో అయితే ఒక బొమ్మ అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. పక్కన నిలబడి మాట దించే అన్నకి చోటే లేదు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మీరు ‘జంగిల్ బుక్’ మళ్ళీ వేశారు. ఇరవయ్యేడేళ్ళ తర్వాత మోగ్లీని మా పిల్లలతో కలిసి చూశాను. అప్పటికి నాకు హిందీ వచ్చు. మా దుబాసీ అన్న చెప్పిన మాటల్లో చాలావాటికి, తెర మీది మాటలకి పొంతనే లేదని తేలింది. నాకు నవ్వొచ్చింది గానీ బాధ కలగలేదు, ఎందుకంటే అతని మాటలే బాగున్నాయి. నాకు బాధ కలిగించింది వేరొకటి. అన్నేళ్ళ తర్వాత కూడా దూరదర్శన్ నుంచి మా ఇంటికి మోగ్లీ అదే హిందీలో వచ్చాడు. 1993లో అది మీకున్న ఇబ్బంది అనుకోవచ్చు. 2020లో తెలుగు మాటలు పెట్టే స్టూడియోలు హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్నాయి.

పిల్లల కార్యక్రమాలు వ్యాపార ఛానళ్ళే చూసుకుంటాయి, మీకెందుకు అనొచ్చు. మీకెందుకో మీ చట్టమే చెబుతోంది. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్‌లో మీ విధులున్నాయి. దేశంలోని వేర్వేరు ప్రాంతాల సంస్కృతులకి, భాషలకి తగినంత చోటివ్వడం అందులో ఒకటి. పిల్లల ప్రయోజనాలు కాపాడడానికి ప్రత్యేక చర్యలు తీసుకోవడం మరొకటి. ఈ రెండు మాటలూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. నేను కోరుతున్న అరగంట ఆ రెండింటినీ కలిపి తీర్చే పని.

ప్రైవేటు ఛానల్ పెద్ద మార్కెట్టు చూసుకుంటుంది. ఒక బొమ్మ కొని పది భాషల్లో మాటలు పెడితే దానికి గిట్టుబాటు. ఒక యాస కోసం బొమ్మ తీస్తే గిట్టదు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ లెక్క. ఆ లెక్కలో పడని పిల్లల కోసమే ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థ ఉండేది.

ఇలా చేసినవాళ్ళు లోకంలో లేరా అంటే ఉన్నారు. బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి వాళ్ళకి ఇంగ్లీషు కాక వెల్ష్ అనే సొంత భాష ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ భాష మాట్లాడేవాళ్ళు 5 లక్షల 38 వేల మంది. తమ భాషకి ఒక టీవీ ఛానల్ ఇస్తామని మాటిచ్చి ప్రభుత్వం వెనక్కి తగ్గితే, 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహార దీక్షకి దిగుతానని ప్రకటించారు. ప్రభుత్వం దిగివచ్చింది. ఈ సంగతి విన్న తెలుగువాళ్ళకి పొట్టి శ్రీరాములు గారు గుర్తుకు రాక మానరు. అలా 1982 నవంబరులో ఎస్‌ఫోర్‌సీ ఛానల్ పుట్టింది. పుట్టిన ఏడాదే పిల్లల కోసం వెల్ష్ భాషలో ‘సూపర్‌టెడ్’ అనే ఎలుగుబంటి బొమ్మ కథని తీయించింది. ఆ ఎలుగుబంటి తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని అమెరికాలో డిస్నీ ఛానల్ దాకా వెళ్ళింది. 1987లో ‘ఫైర్‌మన్ సామ్’ వచ్చింది. వేల్స్‌లోని ఒక కల్పిత పల్లె, అందులో ఒక ఫైర్ ఇంజను, నలుగురు ఇరుగుపొరుగు. ఇవాళ చాలా దేశాల పిల్లలకి ఆ పల్లె తెలుసు.

ఇప్పుడు మా లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా జనం 23 లక్షల 44 వేలు, శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షలు. రెండూ కలిపితే వెల్ష్ మాట్లాడేవాళ్ళకి తొమ్మిది రెట్లకి పైనే. మేం అడుగుతున్నది ఛానల్ కాదు, అరగంట. మాకు మిల్లుంది, నదుంది, హౌరా మెయిన్ లైను మీద రైల్వే స్టేషనుంది, కొండ మీద బౌద్ధ జైన శిథిలాలున్నాయి, కొండ కింద రాముడి గుడి ఉంది. ఒక ఊళ్ళో నలుగురు పిల్లల కథ నడపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కథలకి కరువా అంటే అదీ లేదు. దేశంలోని పిల్లలందరికీ ఇష్టమైన ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఆ బొమ్మ 2008లో పోగోలో మొదలైంది. లడ్డూలు తిని బలం తెచ్చుకునే ఆ పిల్లవాడిది ధోలక్‌పూర్ అనే ఊరు. బాగుంది, మా పిల్లలూ ఇష్టంగా చూస్తారు. మాకూ ఒక భీముడున్నాడు. కోడి రామ్మూర్తి నాయుడు. పుట్టింది ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో, పెరిగింది విజయనగరంలో. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకుని, కలియుగ భీముడనిపించుకున్నాడు. కల్పించక్కర్లేదు, మనిషి నిజంగా ఉన్నాడు. వీరఘట్టం వీధుల్లో అల్లరి చేసే చిన్న రామ్మూర్తి మా యాసలో మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించండి. మా బళ్ళో ఆ రెండో తరగతి పిల్ల వీరుడికి ఏ గొంతు పెడుతుందో కూడా ఊహించండి.

విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావు గారు ఇక్కడి మాటని నాటకమెక్కించి నూట ముప్పై ఏళ్ళు దాటింది. చాగంటి సోమయాజులు గారు ఈ ఊరి పిల్లాడి మనసు మీద ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ అనే కథ రాశారు. చదువు మీద మమకారం చావని ఆ కుర్రాడు ఇప్పటికీ మా బళ్ళ చుట్టూ కనిపిస్తూనే ఉంటాడు. పిల్లల కోసం ప్రభుత్వ ప్రసారం అన్నది కూడా మనకి కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు బాలానందం నడిపింది ఆకాశవాణిలోనే. అదీ మీ ఇల్లే.

ఖర్చు సంగతి నాకు తెలియక కాదు. సెకనుకి 24 చిత్రాల చొప్పున పదకొండు నిమిషాల భాగానికి 15,840 చిత్రాలు కావాలి. అందుకే అందరూ బయటి బొమ్మ కొని మాటలు పెడుతున్నారు. దీనికి దారులు లేకపోలేదు. 1963లో ‘ఆస్ట్రో బాయ్’ తీసిన ఒసాము తెజుకా కాలం నుంచీ జపాన్ వాళ్ళు సెకనుకి ఎనిమిదో, పన్నెండో బొమ్మలతో సరిపెట్టి కథతో నిలబెట్టారు. మోగ్లీ వచ్చింది ఆ దారిలోనే. అంతకుముందే, 1926లో, జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ కత్తిరించిన నీడబొమ్మలతో పూర్తి నిడివి సినిమా తీసింది. మన తోలుబొమ్మకి భుజం దగ్గర, మోకాలి దగ్గర కీళ్ళు కట్టి ఉంటాయి. ఆ బొమ్మని కెమెరా కింద పెట్టి కొంచెం కొంచెం జరిపితే అదే కార్టూన్. ఖరీదైన త్రీడీ బొమ్మలు మాకు అక్కర్లేదు. మా పక్కింటి టీవీలో రంగులు కూడా లేవు, అయినా కథ మా మనసుల్లోకి వచ్చింది.

అందుకని నేను కోరేవి మూడు.

ఒకటి. డీడీ సప్తగిరిలో రోజూ సాయంత్రం అరగంట, పిల్లలు బడి నుంచి ఇంటికి చేరే వేళకి, ప్రకటనలు లేకుండా తెలుగు కార్టూన్. క్రికెట్ ఉన్నా, ఎన్నికలున్నా ఆ వేళ మారకూడదు. డీడీ ఫ్రీ డిష్‌కి నెలనెలా బిల్లు లేదు. కేబుల్ కట్టించుకోలేని ఇంటికి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి వెంట పనికి వెళ్ళిపోయే ఇంటికి మీరు తప్ప ఇంకో దారి లేదు. మీ వేవ్స్ యాప్‌లో పెట్టినా మంచిదే. యాప్‌లో పెట్టాం కదా అని టీవీలో మానెయ్యొద్దు.

రెండు. పదమూడు భాగాలతో ఒక ఉత్తరాంధ్ర ధారావాహిక. గొంతులు ఇక్కడి పిల్లలవి, ఇక్కడి నాటక కళాకారులవి కావాలి. రికార్డింగుకి వేరే స్టూడియో వెతకక్కర్లేదు, విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మీదే. ఇది కుదిరితే తర్వాత రాయలసీమ పిల్లలకి వాళ్ళ యాసలో, పల్నాడు పిల్లలకి వాళ్ళ యాసలో. యాసలు మాట్లాడితే భాష పాడవుతుందని భయపడే పెద్దలకి ఒక ఉపాధ్యాయినిగా నా మాట ఇది: ఇంటి భాషని చిన్నచూపు చూడని పిల్లే బడి భాష కూడా ధైర్యంగా నేర్చుకుంటుంది. నోరు విప్పితే నవ్వుతారని భయపడే పిల్లకి ఏ భాషా రాదు.

మూడు. ‘ఏక్ అనేక్’ లాంటి పాత బొమ్మల్ని తెలుగులో వినిపించండి. ఫిల్మ్స్ డివిజన్ ఇప్పుడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది. మీదీ వాళ్ళదీ ప్రభుత్వ సంస్థలే, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే అయిపోయే పని. మా మామ్మ లాంటి వాళ్ళు ఇప్పటికీ ఇళ్ళల్లో ఉన్నారు. ఎలక ఎప్పుడొస్తుందో మనవలకి వాళ్ళు చెబుతారు.

చదువుతున్న ఉత్తరాంధ్ర తల్లిదండ్రులకి కూడా ఒక మాట. మీ పిల్లలు కార్టూన్ చూస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ఆ బల్లూ, ఆ భీమ్ మీ వీధివాళ్ళైతే ఏమనేవారో మీ యాసలో చెప్పండి. పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత వాళ్ళే అందుకుంటారు. ఈ కోరికలో న్యాయముందనిపిస్తే మీరూ డీడీ సప్తగిరికి ఒక ఉత్తరం రాయండి. కార్డు ముక్కైనా చాలు.

అధికారులకి చివరి మాట. మా తరానికి మీరు ఆదివారం ఒక గంట ఇచ్చారు. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గానీ, దాంతో మేం బాల్యమంతా గడిపేశాం, అందుకు కృతజ్ఞతలు. ఇప్పటి పిల్లల కోసం రోజుకి అరగంట ఇవ్వండి, ఈసారి మాత్రం తెలిసి ఇవ్వండి. వచ్చే బడి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఆలోపు మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
నెల్లిమర్ల, విజయనగరం జిల్లా